ఇంటి ఇన్సూరెన్స్: ఏవి వస్తాయి, ఏవి రావు?

బ్యాంకు అడుగుతుంది కాబట్టి ఇంటి ఇన్సూరెన్స్ తీసుకుంటాం. ప్రీమియం ఎస్క్రోలోంచి వెళ్ళిపోతుంది కాబట్టి మళ్ళీ దాని జోలికి పోము. నేనుండేది హ్యూస్టన్ దగ్గర. 2017లో హార్వీ తుఫాను వెలిశాక తెలిసినవాళ్ళు చాలామంది నన్ను అడిగింది ఒకటే: "ఇంట్లోకి నీళ్ళొచ్చాయండీ, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇస్తారా?" మామూలు ఇంటి పాలసీలో వరదకు పైసా రాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అమెరికాలో సొంత ఇళ్ళకు ఎక్కువగా ఉండేది హెచ్.ఓ.-3 పాలసీ. అందులో ఆరు భాగాలు:

ఏ - ఇల్లు. పాలసీలో మినహాయించినవి తప్ప మిగతా నష్టాలన్నీ వస్తాయి. ఈ మొత్తం ఇల్లు కొన్న ధర కాదు, అదే ఇల్లు మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చు. స్థలం విలువ ఇందులో కలవదు.
బి - ఫెన్సు, షెడ్డు వంటివి. సాధారణంగా ఏ లో 10 శాతం.
సి - ఇంట్లో సామాను. నిప్పు, దొంగతనం వంటి పాలసీలో పేర్కొన్న కారణాలకే.
డి - ఇల్లు బాగయ్యేదాకా బయట ఉండడానికయ్యే అదనపు ఖర్చు.
ఇ - మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగి దావా వేస్తే రక్షణ.
ఎఫ్ - మీ ఇంట్లో దెబ్బ తగిలిన అతిథుల వైద్యఖర్చు, కొంత పరిమితి వరకు.

ఇక మనవాళ్ళు ముఖ్యంగా చూసుకోవలసినవి:

బంగారం: చాలా పాలసీల్లో నగలు దొంగతనానికి పోతే ఇచ్చేది మొత్తం 1,500 డాలర్లే. బంగారు నాణేలు, బిస్కట్లు డబ్బుతో కలిపి 200 డాలర్ల పరిమితిలోకి పోతాయి. పెళ్ళినాటి హారం ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. విలువ కట్టించి, ఒక్కో నగను విడిగా పాలసీలో రాయించుకోవచ్చు. లేదా బ్యాంకు లాకరు.

వరద: ఫెడరల్ ప్రభుత్వ వరద బీమా పథకం 1968 నుంచి ఉంది. ఇంటికి 2,50,000, సామానుకు 1,00,000 డాలర్ల దాకా ఇస్తుంది. సాధారణంగా 30 రోజుల తరువాతే అమలులోకి వస్తుంది, అంటే తుఫాను వార్త విన్నాక కొంటే లాభం లేదు. హార్వీలో మునిగిన ఇళ్ళలో చాలావాటికి ఈ పాలసీ లేదు. భూకంపానికీ విడిగానే తీసుకోవాలి.

డిడక్టిబుల్: టెక్సాస్‌లో గాలివాన, వడగళ్ళకు ఇది తరచు శాతంలో ఉంటుంది. 5,00,000 డాలర్ల ఇంటికి 2 శాతమంటే మొదటి 10,000 మనదే.

పాతసామాను: "యాక్చువల్ క్యాష్ వాల్యూ" అని ఉంటే తరుగుదల తీసేసి ఇస్తారు. "రీప్లేస్‌మెంట్ కాస్ట్" అని ఉంటే కొత్తది కొనే ధర ఇస్తారు.

పాలసీ రెన్యూ అయ్యేలోపు డిక్లరేషన్స్ పేజీ తీసి, ఈ నాలుగూ మీ ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇంట్లో సామానంతా ఒకసారి వీడియో తీసి, ఇంటి బయట ఎక్కడైనా భద్రపరచండి.