పదమూడు వారాల ‘తన్హాయియాఁ’

మా తరం ముస్లిం ఇళ్లలో ‘డ్రామా’ అంటే స్టేజీ నాటకం కాదు, కరాచీ నుంచి వచ్చే టీవీ సీరియల్. అమృత్‌సర్ వాళ్లు యాంటెన్నా కాస్త పడమటికి తిప్పితే లాహోర్ స్టేషన్ దొరికేది. మన దక్కన్‌కి ఆ భాగ్యం లేదు. కువైట్‌లోనో జెద్దాలోనో పనిచేసే మామూలు, చాచాలు సూట్‌కేసులో ఖజూర్, అత్తర్, టైగర్ బామ్‌తో పాటు వీసీఆర్ క్యాసెట్లు పెట్టుకుని రావాలి. అవి మొహల్లా అంతా తిరిగి, టేపు అరిగి, బొమ్మ మీద గీతలు పడ్డాక మన వంతు వచ్చేది. అలా చేతులు మారిన వాటిల్లో ‘తన్హాయియాఁ’ది ప్రత్యేక స్థానం.

1985లో పాకిస్తాన్ టెలివిజన్ కరాచీ సెంటర్ తీసిన సీరియల్ ఇది. రాసింది హసీనా మొయిన్, డైరెక్టర్ షహజాద్ ఖలీల్. మొత్తం 13 ఎపిసోడ్లు. వారానికొకటి చొప్పున మూడు నెలల్లో అయిపోయింది. వెయ్యి ఎపిసోడ్లు దాటినా అత్త మనసు మారని సీరియళ్లు చూస్తున్న ఇప్పటి పిల్లలకు ఈ లెక్క చెబితే నవ్వుతారు. అప్పట్లో పీటీవీ పద్ధతే అది. 13 వారాలంటే ఏడాదిలో పావు వంతు. కథ ఆ పావులో ముగియాలి. అందుకే సాగదీయడానికి చోటు ఉండేది కాదు.

కథ చిన్నదే. జారా, సానియా అక్కాచెల్లెళ్లు. తల్లిదండ్రులు ప్రమాదంలో పోతారు. తండ్రి మీద ఖర్జ్ ఉందని అప్పుడు తెలుస్తుంది. ఇల్లు చేజారిపోతుంది. యతీమ్‌లైన పిల్లలిద్దరూ అమ్మ చెల్లెలు ఆనీ పంచన చేరతారు. ఆ ఇంటిని తిరిగి కొనాలన్నది జారా పంతం. పంతం ముదిరే కొద్దీ తను అందరికీ దూరమవుతుంది. పేరులోని ఒంటరితనాలు అవే. జారాగా షెహనాజ్ షేక్, సానియాగా మరీనా ఖాన్, ఆనీగా బదర్ ఖలీల్. జారా చిన్ననాటి స్నేహితుడు జైన్‌గా ఆసిఫ్ రజా మీర్.

ఇంత దుఃఖం ఉన్న కథలో జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం నవ్వుల్ని. బెహ్రోజ్ సబ్జ్‌వారీ వేసిన కబాచా, జంషెద్ అన్సారీ వేసిన బుఖ్రాత్, ఆనీ చుట్టూ తిరిగే ఫారాన్ సాహబ్ (ఖాజీ వాజిద్)! కబాచా నోరు విప్పితే మా ఇంట్లో టీ గ్లాసులు పక్కన పెట్టేసేవాళ్లు. విలన్ ఎవరూ లేరు. గోడ చాటు నుంచి వినే కోడలు లేదు. మౌత్ వచ్చి ఇల్లు ఖాళీ చేస్తే మిగిలినవాళ్లు ఎలా బతుకుతారన్నదే మొత్తం కథ. తండ్రి ఇంతెకాల్ తర్వాత అప్పులవాళ్లు గుమ్మం ముందు నిలబడటం మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్లు చూడలేదు?

మా దాదీమాకు చదువు రాదు. మాట్లాడేది దక్కనీ. ‘నక్కో’, ‘కైకూ’, ‘హౌ’ అంటూ సాగే జబాన్. టీవీలో ‘ఆప్ తష్రీఫ్ రఖియే’ అనగానే ఆమె తలమీది పల్లూ సర్దుకునేది, ఎవరో మెహమాన్ వచ్చినట్టు. ఉర్దూ మీడియంలో చదువుతున్న మాకేమో బడిలో పుస్తకం ఉర్దూ, ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు. పుస్తకంలోని ఉర్దూ మనుషుల నోట కూడా వస్తుందని నాకు నమ్మకం కలిగింది ఆ క్యాసెట్ల వల్లే. మా ఖాలాలు కొన్నాళ్లు ఆ లహజాలో మాట్లాడబోయి మధ్యలో ‘నక్కో’ జారి నవ్వులపాలయ్యేవారు.

ఆ కాలం సంగతి కూడా చెప్పుకోవాలి. అది జియా ఉల్ హక్ హుకూమత్. టీవీలో కనబడే ఆడవాళ్లు తలమీద దుపట్టా కప్పుకోవాలని ఆదేశాలున్న రోజులు. దానికి ఒప్పుకోక మెహతాబ్ చన్నా అనే యాంకర్ టీవీనే వదిలేసుకున్నారు. అలాంటి రోజుల్లో హసీనా మొయిన్ అమ్మాయిలు ఉద్యోగం వెతుక్కున్నారు, పెద్దలతో వాదించారు, గట్టిగా నవ్వారు. బేషరమ్‌లు మాత్రం కాలేదు. ఈ తూకం ఆమెకే తెలుసు. ఆనీని చూడండి. పెళ్లి కాకుండా తన కాళ్లమీద తాను బతికే ఖాలా. ఆమెను చూసి ఎవరూ జాలిపడరు. మన ఇళ్లలో అలాంటి ఖాలాకు ఏ పేర్లు పెట్టేవాళ్లో నేను చెప్పక్కర్లేదు.

హసీనా మొయిన్ పుట్టింది కాన్పూర్‌లో, 1941లో. దేశ విభజన తర్వాత ఆ కుటుంబం సరిహద్దు దాటింది. పీటీవీ రచయితల్లో మన వైపు మూలాలున్నవాళ్లూ ఉన్నారు. ‘షమా’, ‘అఫ్షాన్’ రాసిన ఫాతిమా సురయ్యా బజియా, ఆమె తమ్ముడు అన్వర్ మక్సూద్ హైదరాబాద్ దక్కన్ ఖాందాన్ వాళ్లే. కరాచీ డ్రామాల్లో పెద్దల ముందు పిల్లలు కూర్చునే తీరు, దస్తర్‌ఖాన్ మర్యాద మనకు పరాయిగా అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

హిందీ సినిమా అప్పటికి మనకిచ్చినవి నవాబు, తవాయిఫ్, ఖవ్వాలీ, హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. కరెంటు బిల్లు కట్టే ముస్లిం, ఫీజు గురించి బాధపడే ముస్లిం, చెల్లెలితో కీచులాడే ముస్లిం తెరమీద ఉండొచ్చని మాకు చూపింది ఈ డ్రామాలే. పైగా అక్కడ ఎవరూ తాము ముస్లింలమని నిమిషానికోసారి రుజువు చేసుకోరు. ఆ తేలికదనం ఎంత గొప్పదో ఇక్కడ బతికేవాళ్లకు తెలుస్తుంది.

తర్వాత రాజ్ కపూర్ కుటుంబం తీసిన ‘హెన్నా’ (1991)కు సంభాషణలు ఆమే రాశారు. ఆమె ‘ధూప్ కినారే’ను 2011లో సోనీ టీవీ ‘కుఛ్ తో లోగ్ కహేంగే’ పేరుతో మళ్లీ తీసింది. 2012లో మరీనా ఖాన్ డైరెక్షన్‌లో ‘తన్హాయియాఁ’కు కొనసాగింపు వచ్చింది. పాతది చూసినవాళ్లకు అది రుచించలేదు, నాకూ అంతే. 2014లో జిందగీ ఛానల్ మొదలయ్యాక పాక్ డ్రామాలు మొదటిసారి దర్జాగా మన డ్రాయింగ్ రూముల్లోకి వచ్చాయి. 2016లో ఉరీ దాడి తర్వాత ఆగిపోయాయి. 2025 మేలో, పహల్గాం తర్వాత, ఓటీటీల నుంచి పాక్ సీరియళ్లు, సినిమాలు, పాటలు తీసేయమని కేంద్రం చెప్పింది. రెండు హుకూమత్‌ల మధ్య మాట చెడినప్పుడల్లా ముందుగా మూతపడేది ఈ కిటికీయే.

హసీనా మొయిన్ 2021 మార్చి 26న కరాచీలో ఇంతెకాల్ అయ్యారు. ఆ రోజు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ముందు ‘ఇన్నాలిల్లాహి’లు, మగ్ఫిరత్ దువాలు వచ్చాయి. ఇషా నమాజ్ అయ్యేసరికి పెద్ద ఖాలాకు, చిన్న ఖాలాకు వాయిస్ మెసేజ్‌లలో గొడవ మొదలైంది: ‘అన్‌కహీ’ గొప్పదా, ‘తన్హాయియాఁ’ గొప్పదా? అది ఇంకా తేలలేదు.