యంత్రమునకు సాధన వివరణము: లక్షణదోష పరిశీలనము

సాధనమును నిర్మించుట యొక పని. అది దేనికి, ఎప్పుడు, ఎట్లు వాడదగునో దానిని కన్నెఱుగనివారికి మాటలతో తెలుపుట వేఱొక పని. రెండవది సులభమని తోచును గాని, కంప్యూటరు చరిత్ర యందులకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంట్లకు సాధనములను వివరించుట నేడొక ప్రత్యేక రచనగా ఏర్పడినది. దాని పూర్వరంగమును, గుణదోష నిర్ణయమునకు మన శాస్త్రములయందు గల కొలమానమును ఈ వ్యాసమున చూపదలచితిమి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ఎడ్‌శాక్ యంత్రము 1949 మే 6వ తేదీన మొదటి గణనమును జరిపెను. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు 1951లో ప్రకటించిన గ్రంథమున, పలువురు మరల మరల వాడుకొనదగిన సబ్‌రొటీన్లను, అనగా చిన్న ఆదేశమాలికలను, వివరించిరి. 1952లో పిట్స్‌బర్గు సభకు సమర్పించిన వ్యాసమున డేవిడ్ వీలర్, ఆదేశమాలికను వ్రాసి పరీక్షించిన పిమ్మటను, దాని అంతర్నిర్మాణము నెఱుగనివారు సైతము వాడుకొనునట్లు వివరణము వ్రాయుట మిగిలియుండుననియు, అదియే మిక్కిలి కష్టమైన భాగము కావచ్చుననియు అభిప్రాయపడెను.

1971లో ఈ రచన రెండు త్రోవల నడచెను. బెల్ ప్రయోగశాలలో థామ్సన్, రిచీలు కూర్చిన యూనిక్స్ సంపుటమున ప్రతి ఆదేశమునకును పేరు, ప్రయోగరూపము, వివరణము అను శీర్షికలతోపాటు 'దోషములు' అను శీర్షికయు ఉండెను. సాధనము చేయలేనిదానిని కర్తయే చెప్పు సంప్రదాయమిది. ఆ యేడే స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఫైక్స్, నిల్సన్ అనువారు స్ట్రిప్స్ అను పద్ధతిని ప్రకటించిరి. అందు ప్రతి క్రియకును ముందుండవలసిన స్థితి, పిదప కలుగునది, తొలగిపోవునది అను మూడంశములు చెప్పబడెను. పెట్టెను తోయుటకు రోబో దాని చెంత నుండవలెను, తోసిన పిదప పెట్టె క్రొత్తచోట నుండును, పాతచోట నుండదు. మొదటి వివరణమును మనుష్యుడు మనుష్యభాషలో చదివెను. రెండవదానిని యంత్రము తర్కసూత్రములలో చదివెను.

ఈ రెండు త్రోవలును ఇటీవల కలిసినవి. 2023 జూన్‌లో ఓపెన్ ఏఐ సంస్థ ప్రమేయములను పిలుచు పద్ధతిని, 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించినవి. రెంటియందును సాధనమునకు పేరు, సామాన్యభాషలో వివరణము, అందీయవలసిన అంశముల రూపము ఉండును. వీనిని చదివి, సాధనమును పిలువవలెనా వలదా యని భాషా నమూనాయే నిర్ణయించును. సంశయము కలిగిన మనుష్యుడు ప్రక్కవాని నడుగును. ఏజెంటునకు మాత్రము సాధారణముగా ఆ నాలుగు వాక్యములే ఆధారము. కావున మాటలోని అస్పష్టత చేతలోని తప్పుగా పరిణమించును.

ఈ వివరణమును మనము లక్షణమనియే భావింపవచ్చును. ఆంధ్రుడని ప్రసిద్ధినొందిన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో లక్షణమునకు మూడు దోషములను చెప్పియున్నాడు. గోవునకు కపిలవర్ణమును లక్షణముగా చెప్పినచో అవ్యాప్తి. కొమ్ములుండుటను చెప్పినచో అతివ్యాప్తి. ఒంటిగిట్టను చెప్పినచో అసంభవము.

ప్రాచీన కావ్యములలోని తత్సమ, దేశ్యపదములకు అర్థము నిచ్చు నిఘంటు సాధన మొకటి కలదనుకొందము. 'తత్సమముల అర్థము నిచ్చును' అని వ్రాసిన అది అవ్యాప్తి. దేశ్యపదము వచ్చినపుడు ఏజెంటు దానిని పిలువదు. 'పదముల అర్థము నిచ్చును' అన్నచో అతివ్యాప్తి; మాండలికములకును ఆంగ్లపదములకును దానినే పిలుచును. 'పదము పుట్టిన కాలము నిచ్చును' అన్నచో అసంభవము. ఏ పదమునకును అట్టి సమాచార మందు లేదు. అందీయవలసిన అంశమును 'పేరు' అని మాత్రమే యన్నచో, అది కవి పేరో కావ్యము పేరో తెలియదు. దానిని 'కవి పేరు' అనియే వ్రాయవలెను.

ఫలితమును గూర్చియు చెప్పవలసి యున్నది. అచ్చు పుస్తకముల పట్టికను మాత్రమే వెదకు సాధనము ఒక గ్రంథమునకు 'లేదు' అని బదులిచ్చినచో, ఆ పట్టికలో లేదని మాత్రమే అర్థము. ఈ హద్దు వివరణమున లేకున్నచో ఏజెంటు ఆ గ్రంథమే లేదని పలుకవచ్చును. తాళపత్రములలో నిలిచియున్న కృతి యొకటి పరిశోధకుని దృష్టినుండి జారిపోవును. యూనిక్స్ సంపుటము నాటి 'దోషములు' శీర్షిక ఇచ్చట మరల ఆవశ్యకమగుచున్నది.

కావున వివరణమును వ్రాసి విడుచుట చాలదు. పలువిధములగు ప్రశ్నల నిచ్చి, ఏజెంటు ఏ సాధనమును ఎప్పుడు పిలిచెనో, ఎప్పుడు విడిచెనో గమనించి, వాక్యములను దిద్దవలెను. లక్ష్యములను ముందుంచుకొని లక్షణమును సరిచూచుట లాక్షణికుల పద్ధతియే. ఇది యంత్రనిపుణుల పని మాత్రమే కాదు. మన నిఘంటువులును గ్రంథసూచికలును ఏజెంట్లకు సాధనములగునపుడు, వాని హద్దులెఱిగిన భాషాశాఖలవారే ఆ వాక్యములను వ్రాయుటకు పూనుకొనవలెనని మా అభిప్రాయము.