ఎన్ని సూదిపోట్లు, ఎవరి సొమ్ము

గర్భిణికి ఆరో నెలలో చేసే షుగరు పరీక్ష చూడటానికి చాలా చిన్నది. 75 గ్రాముల గ్లూకోజు పొడిని సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. అరగంటలోపు వాంతయితే ఆ రోజుకు పరీక్ష లేనట్టే, మర్నాడు మళ్లీ రావాలి. రెండు గంటలయ్యాక రక్తం తీసి, చక్కెర 140 మిల్లీగ్రాములకు చేరిందా అని చూస్తారు. పొడి ఖరీదు తక్కువే, రసాయనాల ఖరీదూ తక్కువే. అసలు ఖర్చంతా ఎన్నిసార్లు సూది గుచ్చారు, ఎన్ని గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు, ఎన్నిసార్లు ఊరి నుంచి రప్పించారు అన్నదాంట్లో ఉంది. ఈ పరీక్ష అరవై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఒక సంగతి తేటపడుతుంది. సూదిపోట్ల లెక్కను వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చలేదు. డబ్బు ఎవరు కడతారన్నదీ తేల్చింది.

రక్తంలో చక్కెరను కొలవడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ సులువు కాలేదు. అంతకుముందు మూత్రమే ఆధారం. మూత్రానికి చీమలు పట్టడాన్ని గమనించిన మన ప్రాచీన వైద్యుల నుంచి, నీలం ద్రావణం వేడిచేస్తే ఇటుక రంగుకు తిరిగే బెనెడిక్ట్ పరీక్ష దాకా అదే దారి. హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్, షియెన్ వూ 1920 ప్రాంతంలో కొద్దిపాటి రక్తంతో చక్కెర లెక్కగట్టే పద్ధతిని స్థిరపరిచారు. 1964లో బోస్టన్‌లో జాన్ ఓసలివన్, క్లెయిర్ మహన్ 752 మంది గర్భిణుల ఫలితాలతో హద్దులు గీశారు. పరగడుపున ఒకసారి, 100 గ్రాముల గ్లూకోజు పట్టాక గంటకోసారి మూడుసార్లు రక్తం తీశారు. మొత్తం నాలుగు పోట్లు. తల్లికి మున్ముందు మధుమేహం వస్తుందా అన్నది చూసి గీసిన హద్దులవి, బిడ్డకేమవుతుందన్నది చూసి కాదు. ఇంత పెద్ద పరీక్ష అందరికీ చేయలేక, 1973 నాటికి 50 గ్రాములతో గంటలో ముగిసే వడపోత పరీక్షను ముందు మెట్టుగా పెట్టారు.

అమెరికాలో ఈ రెండు మెట్ల పద్ధతి నేటికీ బలంగా ఉంది. అక్కడ ఆసుపత్రి బిల్లులో ప్రతి పరీక్షకూ ఒక సంఖ్య. గ్లూకోజు టాలరెన్స్ పరీక్షకు 82951, అందులో మూడు నమూనాలు ఇమిడిపోతాయి. నాలుగోది తీస్తే 82952 అని విడిగా వేయాలి. పోటును బట్టి ధర అక్షరాలా కాగితం మీదే ఉంది. గర్భిణుల షుగరు వడపోతకు వారి నుంచి ఏమీ వసూలు చేయరాదన్న నిబంధన చాలా బీమా పథకాలకు 2012 ఆగస్టు నుంచి వర్తించింది. మరుసటి ఏడాది ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ పిలిచిన నిపుణుల సభ ఒకే మెట్టు పరీక్షకు మారదామా అని చర్చించి, వద్దంది. మారితే జబ్బున్నట్టు తేలేవారు నూటికి ఐదారుగురి నుంచి పదిహేను ఇరవై మందికి పెరుగుతారని, ఖర్చు పెరిగినంతగా మేలు జరుగుతుందన్న రుజువు లేదని వారి వాదన. సూది ఎన్నిసార్లు గుచ్చాలన్న చర్చలో ఖర్చుకూ ఒక ఓటు దక్కింది.

మన దగ్గర కథ వేరు. ఇక్కడ గర్భిణి వెనక బీమా కంపెనీ లేదు, ఆమె కూలి డబ్బులే ఉన్నాయి. వేవిళ్ల మనిషిని పరగడుపున బస్సెక్కి రమ్మంటే చాలామంది మళ్లీ రారని మద్రాసులో డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు గ్రహించారు. తిని వచ్చినా సరే, 75 గ్రాములు తాగించి ఒక్కసారే రక్తం తీసే పద్ధతిని ముందుకు తెచ్చారు. 2014లో కేంద్రం దాన్నే దేశమంతటికీ మార్గదర్శకం చేసింది, 2018లో సవరించింది. 2011 నాటి జననీ శిశు సురక్ష కార్యక్రమంతో సర్కారు దవాఖానాల్లో గర్భిణుల పరీక్షలు అప్పటికే ఉచితం. అయినా రానుపోను ఖర్చు, పోయిన పనిదినం ఆమె మీదే పడతాయి. ఒక్క పోటు తగ్గించింది ఈ భారాన్నే.

పేదలకు తక్కువరకం పరీక్ష అంటగట్టారని దీని మీద గట్టి విమర్శ ఉంది. చెన్నైలోనే మరో పరిశోధక బృందం 2014లో, పరగడుపు పరీక్షతో పోలిస్తే ఇది చాలామందిని పట్టుకోలేకపోతోందని చూపింది. ఆ విమర్శను తోసిపుచ్చలేం. పరగడుపు చక్కెర ఒక్కటే ఎక్కువగా ఉన్న తల్లి ఈ వలలోంచి జారిపోవచ్చు. కానీ సగంమంది రాని మంచి పరీక్ష, అందరికీ అందే మామూలు పరీక్ష కంటే ఎక్కువమందిని వదిలేయవచ్చు. మంచి పరీక్షే కావాలంటే దాని ఖర్చు, ఆ రోజు కూలి ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

ఆ ఎవరో బీమా కంపెనీలు ఎందుకు కాలేదు? 1986లో ప్రభుత్వ సాధారణ బీమా సంస్థలు మెడిక్లెయిం తెచ్చినప్పుడే దాన్ని ఆసుపత్రి మంచం చుట్టూ అల్లారు. నేటి పాలసీ కాగితంలో ప్రామాణిక మినహాయింపులు చదవండి. 04వ సంఖ్యది పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఇవ్వమంటుంది, 18వది ప్రసూతిని తీసేస్తుంది. అదనపు ప్రీమియంతో ప్రసూతి చేర్చుకున్నా, ఆసుపత్రిలో చేరికకు ముందు ఖర్చులు సాధారణంగా 30 లేదా 60 రోజులవే ఇస్తారు. షుగరు పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య. కాన్పు 40వ వారం దరిదాపుల్లో. ఆ రసీదు సాధారణంగా గడువు దాటే ఉంటుంది. ముందే తెలిసిన చిన్న ఖర్చుకు బీమా ఎందుకన్నది కంపెనీల జవాబు. అందులో కొంత న్యాయం ఉంది. అయితే ఆ చిన్న ఖర్చు తప్పినందుకు వచ్చే సిజేరియన్, పసిబిడ్డకు ఐసీయూ, పాలసీ ఉన్నచోట ఆ కంపెనీల బిల్లే అవుతాయి. పైగా 1948 నాటి ఈఎస్ఐ చట్టమే కార్మికులకు ఓపీ వైద్యాన్నీ ప్రసూతినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. బీమాతో ఆ పని జరగదనడం నిలవదు. ప్రసూతి కలిపిన ప్రతి పాలసీలోనూ, తేదీతో నిమిత్తం లేకుండా, ఈ ఒక్క పరీక్ష రసీదుకు డబ్బివ్వాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన రాయాలి.