చేతి చదువు

“అభ్యాసము కూసువిద్య” యని మన పెద్దలు సులువుగా నొక మాట చెప్పిపోయిరి. అభ్యాసమువలన పని వచ్చుననుట యెల్లరెఱిగినదే. కాని తొలినాడు తడబడిన వ్రేళ్లు కొన్ని నెలలకు తమంత తామే నడచుటకు కారణమేమి, అప్పుడు మెదడులో మాఱినదేమి యను విచారణ శాస్త్రమున కెక్కి సుమారు 125 ఏండ్లే యైనది. ఈ చరిత్రను మనవారు తెలిసికొనవలసిన యవసరము ప్రత్యేకముగా కలదు. మనము చేతిపనిని కులమునకు గట్టివైచితిమి. కుమ్మరి బిడ్డకు సారె, సాలె బిడ్డకు మగ్గము పుట్టుకతోడనే వచ్చునని నమ్మితిమి. తక్కినవారికి రాదని తీర్పు చెప్పితిమి. వచ్చినవారినేమో చదువురానివారని చిన్నచూపు చూచితిమి.

మా సంగమునుండి ఆత్మకూరు మీదుగా కొండలవైపు పోయినచో ఉదయగిరి వచ్చును. అచ్చట దుర్గపు కొండలలో దొరకు నర్ది, బిక్కి మొదలగు కఱ్ఱలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుదురు. ఈ పనితనమునకు భౌగోళిక సూచిక యను రక్షణయు లభించినది. పనివారిలో స్త్రీలు పెక్కురు. చెంచా కాడ సన్నగిల్లు తావున ఆకురాయిని ఎంత నొక్కవలెనో మాటలలో చెప్పుమన్నచో ఎంతటి నేర్పరియు చెప్పజాలదు, చేసి చూపును. చెప్పలేకపోవుట తెలియకపోవుట కాదని శాస్త్రము గ్రహించుటకు చాలకాలము పట్టినది.

1897లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమునందు బ్రయన్, హార్టర్ అను నిరువురు తంతి గుమాస్తాల నేర్పును వారము వారము కొలిచి గీతలుగా గీచిరి. వార్తను పంపు నేర్పు క్రమముగా పెరిగినది. వార్తను విని గ్రహించు నేర్పు మాత్రము కొంతదూరము ఎక్కి, కొన్ని వారములు కదలక నిలిచి, పిదప మరల నెక్కినది. గుమాస్తా మొదట అక్షరములను, తరువాత పదములను, ఆపైని వాక్యములను ఒక్కుమ్మడిగా విననేర్చుననియు, గీత నిలిచిన వారములలో క్రింది మెట్టు లోలోపల గట్టిపడుచుండుననియు వారు వివరించిరి. 1958లో కెల్లర్ అను పండితుడు ఈ నిలుకడ అందఱకు తప్పనిసరి కాదని వాదించెను. ఆ వాదము న్యాయమైనదే. అయినను ముందుకు సాగనట్లు కనబడు పిల్లవాడు నేర్చుట మానివేసెనని చెప్పుటకు మాత్రము ఆధారము లేదు. మన దేశమున తంతి సేవ 2013లో ముగిసినది. ఆ గీతలోని నిలుకడను మా తరగతిగదిలో నేను నేటికిని చూచుచున్నాను. బెత్తము పైకి లేచునదియు సరిగా ఆ వారములలోనే!

1920 తరువాత మాస్కోలోని కేంద్ర శ్రమసంస్థలో నికొలాయి బెర్న్‌స్టైన్ పనివారి చేతులకు చిన్న దీపములు కట్టి, ఉలిమీద పడు సుత్తెదెబ్బలను ఛాయాచిత్రములు తీసెను. ఆరితేరినవాని దెబ్బలన్నియు ఒకే అచ్చున నుండునని తలతుము గదా! అట్లు కాలేదు. భుజము, మోచేయి, మణికట్టు ప్రతిసారియు కొంచెము వేఱుగానే కదలినవి. సుత్తె మొన మాత్రము తన గుఱిని తప్పలేదు. కావున అభ్యాసమనగా ఒకే కదలికను వల్లెవేయుట కాదనియు, ఒకే సమస్యను ప్రతిసారి క్రొత్తగా సాధించుట యనియు ఆయన నిర్ణయించెను. ఏ రెండు కఱ్ఱల పోగులును ఒక్కతీరున నుండవని ఉదయగిరి పనివారు ఎఱుగుదురు గనుక వారికి ఇందు వింత తోపదు. శిక్షగా నూఱు పర్యాయములు ఒకే పంక్తిని వ్రాయించు మావంటివారికే ఇది వింత.

అంతకంటె ఆశ్చర్యమైన సంగతి 1962లో బ్రెండా మిల్నర్ ప్రకటించెను. మూర్ఛరోగమునకై 1953లో మెదడునందు శస్త్రచికిత్స పొందిన హెన్రీ మొలేసన్ అను నతనికి క్రొత్త సంగతులేవియు జ్ఞప్తియందు నిలువకపోయెను. అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయుమని ఆమె యతనికి మూడు దినములు పని పెట్టెను. దినదినమునకు చేయి తేఱినది. ఆ పనిని మునుపు చేసియుంటినను స్మృతి మాత్రము అతనికి లేదు. మన తార్కికులు భావన యను సంస్కారమును స్మృతికి హేతువని లక్షణము చెప్పిరి. ఇచ్చట సంస్కారము కలదు, స్మృతి లేదు. చేతికి వేఱొక సంస్కారము నంగీకరింపక తప్పదని నాకు తోచుచున్నది.

ఈ పరంపరలో మన తెలుగువారును ఉన్నారు. సూరంపూడి బాపిరాజుగారు (చిత్రకారుడును నవలాకారుడును నైన అడివి బాపిరాజుగారు వేఱు) జపానులోని క్యోటో ప్రాంతమునందు పరిశోధించి, హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, పిమ్మట ఆ నగరమందలి ఐఐఐటిలోను ఆచార్యులైరి. కెంజి దోయా మొదలగువారితో గూడి ఆయన 2000లో ప్రకటించిన ప్రయోగమును కొంచెము విస్తరించి చెప్పవలెను. ఎదుట వెలుగు గుఱుతులను చూచి, మీటలను ఏ వరుసను నొక్కవలెనో అభ్యాసకుడు తప్పులు చేయుచు తానే కనుగొనవలెను. అభ్యాసపు తొలిదశలోను, నడిమిదశలోను, కడపటిదశలోను మీటలపలకను చేతిని త్రిప్పియుంచి రెండు విధముల పరీక్షించిరి. మొదటి విధమున కంటికి కనబడు వరుస పాతదే, వ్రేళ్ల కదలిక క్రొత్తది. రెండవ విధమున వ్రేళ్ల కదలిక పాతదే, కంటికి కనబడు వరుస క్రొత్తది. నేర్చినది రెండుచోట్లను అక్కఱకు వచ్చినది. కాని అభ్యాసము ముదిరిన పిదప, వ్రేళ్లకు పాత కదలిక దొరకినచోటనే వేగము హెచ్చుగా నున్నది.

దీనినిబట్టి వరుస రెండు తీరుల నిలుచునని వారు తేల్చిరి. ఏ అవయవమునకును సొంతము కాని పటము వంటిది మొదట త్వరగా నేర్పడును. ఆ వ్రేళ్లకే సొంతమైనది మెల్లగా నేర్పడును. 2006లో మెదడు చిత్రములు తీసి, ఈ రెంటికి తోడ్పడు మెదడు భాగములను గూర్చియు వారు వ్రాసిరి. మద్రాసు ఐఐటిలో శ్రీనివాస చక్రవర్తిగారును వారి సహచరులును పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల చేవ్రాత ఏల చెడునో గణితరూపమున పరిశీలించిరి. చేవ్రాత దిద్దు మాకు అది వేఱుగా చదువదగినది.

మొదటిదానిని గురువు చూపవచ్చును. రెండవదానిని తల్లియు తండ్రియు ఈయజాలరు. ఎవరి వ్రేళ్లతో వారే సంపాదించుకొనవలెను. దేహములలో భేదములు లేవని శాస్త్రము చెప్పదు. కాని కుమ్మరి బిడ్డకు సారె మచ్చికయగుటకు రక్తమును సాక్ష్యముగా పిలువనక్కఱలేదు. ఆ బిడ్డ మూడేండ్లనాటినుండి తండ్రి చేతులను చూచుచున్నది. పాడుచేయుటకు మట్టి దొరకుచున్నది. పని సాగని నాళ్లలో ఇంటి అన్నము దొరకుచున్నది. కులవిద్య యని మనము పేరుపెట్టినదానిలో ఈ చూపు, ఈ మట్టి, ఈ అన్నము ఎంతపాలో ఎవరైన లెక్కగట్టిరా?

ముక్కలెక్కన కూలి యిచ్చు పనిలో, ఆ యింట పుట్టని యువతి క్రొత్తగా చేరినదనుకొందము. చెంచా ఎట్లుండవలెనో ఆమె కన్నులకు వారములోనే తెలియును. వ్రేళ్లకు తెలియుటకు నెలలు పట్టును. ఆ నెలలలో చెడిన కఱ్ఱ వెలయు, రాని కూలియు ఆమెమీదనే పడినచో ఆమె పని మానుకొనును; వీరికి చేతిపని రాదని ఊరు మరల ననును. చేతిపనుల శిక్షణాలయములు పెట్టదలచువారు రంపముల వెల, ఆకురాళ్ల వెల వ్రాసికొను పట్టికలో చెడు కఱ్ఱ వెలను, ఈ నెలల భత్యమును గూడ ముందుగానే వ్రాసికొనవలసి యున్నది.