గడువు తేలేది చేలోనే

తిరువూరు రెండు పెద్ద థర్మల్ కేంద్రాల నడుమ ఉంది. ఉత్తరాన పాల్వంచ దగ్గర కొత్తగూడెం కేంద్రంలో 1966లో కరెంటు పుట్టింది, దక్షిణాన ఇబ్రహీంపట్నం కేంద్రంలో 1979లో. ఇటువంటి చోట హైటెన్షన్ లైను ఎన్నాళ్లకు పూర్తవుతుందన్న లెక్క ఎలా మారుతూ వచ్చిందో చూస్తే, అసలు ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో పనుల లెక్క కొత్తదారి పట్టింది. 1957లో డ్యూపాంట్ కంపెనీ కోసం క్రిటికల్ పాత్ పద్ధతి రూపుదిద్దుకుంది. మరుసటి ఏడు అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చుకుంది. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ముందే పట్టుకోవడం వీటి సారం. లైను పనికి ఇది బాగా నప్పుతుంది. సర్వే తేలందే టవరు చోటు తేలదు, చోటు తేలందే పునాది లేదు, టవర్లు నిలబడందే తీగ లాగలేరు.

కానీ ఈ పద్ధతులతో గీసే పనుల చార్టులో రైతు గడి లేదు. అందుకు చట్టమే కారణం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తంతి స్తంభాల కోసం రాసింది: భూమి కొనక్కర్లేదు, నష్టానికి పరిహారం ఇస్తే చాలు. 1948 విద్యుత్ సరఫరా చట్టం ఆ అధికారాన్నే బోర్డులకు అందించింది. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ కూడా అదే బాటలో నడిచింది. తంతి స్తంభం ఆక్రమించేది జానెడు నేల. టవరుకు నాలుగు కాళ్లు, నాలుగు గుంటలు. పైగా 132 కేవీ లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పున దారి కావాలి. చట్టం మారకుండానే దాని బరువు ఇన్ని రెట్లు పెరిగిందన్నమాట. నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ కీలకం ఇదే.

తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలున్నాయి. వరి కోసేస్తే చేను ఖాళీ అవుతుంది, టవరు సామాను లోపలికి వెళ్తుంది. మామిడి అలా ఖాళీ కాదు. డిసెంబరు, జనవరిలో పూత, ఏప్రిల్ నుంచి కోత. నేల ఆరి, తీగ లాగడానికి అనువైన నెలలూ అవే. వరికి ఒక కారు పంట నష్టం కడితే సరిపోవచ్చు. కాపుకొచ్చిన చెట్టు కొడితే పోయేది ఏళ్ల రాబడి. అందుకే తోటలో మాట కుదరదు. పునాది వేశాక కాంక్రీటు గట్టిపడేందుకు కనీసం 14 రోజులు ఆగాలని ఇంజనీరు పట్టికలో తప్పక రాస్తాడు. రైతుతో మాట కుదరడానికి మాత్రం అందులో ఒక్కరోజు కూడా ఉండదు. ఇరువైపులా టవర్లు నిలబడి, మధ్యలో ఒక్క తోట కోసం తీగ ఆగితే అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా పడి ఉంటుంది.

1999లో బోర్డు విడిపోయి కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, లైన్లకు ట్రాన్స్‌కో వచ్చాయి. 2014లో రాష్ట్రమూ విడిపోయింది. తిరువూరు సరిహద్దు ఊరైంది, అవతల ఖమ్మం జిల్లా. అప్పటిదాకా ఒకే రాష్ట్రం లోపలివైన కొన్ని లైన్లు అంతర్రాష్ట్ర లైన్లయ్యాయి. హద్దు దాటే కొత్త లైనుకు రెండు ప్రభుత్వాల రెవెన్యూ యంత్రాంగంతోనూ పని పడుతుంది.

పరిహారం విషయంలో మార్పు ఆలస్యంగా వచ్చింది. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ, టవరు కింద నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద దారికి గరిష్ఠంగా 15 శాతం ఇవ్వాలని మార్గదర్శకాలిచ్చింది. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచింది. అమలు రాష్ట్రాల చేతుల్లో ఉంది. ఇది రైతుకు ఊరట, పనికి కూడా లాభమే. అయితే ఈ శాతాలన్నీ లెక్కకట్టేది భూమి విలువ మీద. ఆ విలువ తేల్చే పని పునాది గుంట తవ్వే తేదీకి ముందే, పట్టికలో మొదటి వరుసలో ఉండాలి. తోట ఉన్నచోట దాన్ని పూత రాకముందే పూర్తిచేయాలి.