రహదారి చీటీ నుంచి మినహాయింపు దాకా: అమెరికా గుమ్మంలో జపాను ప్రయాణికుడు

నేటి తెలుగులో రహదారి అంటే పెద్ద బాట. పందొమ్మిదో శతాబ్దపు తెలుగులో ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉండేది. బాటన పోయే మనిషిని అడ్డగించకుండా పోనివ్వమని అధికారి రాసి ఇచ్చే చీటీని కూడా రహదారి అనేవారు. బ్రౌను నిఘంటువు ఈ అర్థాన్నే ఇస్తుంది. పారసీ నుంచి వచ్చిన ఈ మాట బాట కాపలాను, బాట సుంకాన్ని, ఆ సుంకం కట్టినవాడి చేతి చీటీని వరసగా సూచిస్తూ వచ్చి, చివరికి బాటగానే స్థిరపడింది. ఇంకా వెనక్కి పోతే అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. మాషం పుచ్చుకొని ముద్ర ఇవ్వడం అతని పని. ముద్ర లేనివాడికి 12 పణాల జరిమానా. మనిషి మాటకంటే అతని చేతిలోని గుర్తుకు ఎక్కువ విలువ ఇవ్వడం రాజ్యాలకు పాత అలవాటేనన్నమాట.

ఈ అలవాటు ఒక జాతి ప్రయాణికుల విషయంలో నూటయాభై ఏళ్ళకు పైగా ఎలా నడిచిందో చూడడానికి జపాను నుంచి అమెరికా వెళ్ళినవారి చరిత్ర మంచి ఉదాహరణ. ఒకే దేశస్థులు ఒకే గుమ్మం దగ్గర ఒకనాడు అతిథులు, ఒకనాడు అనర్హులు, మరొకనాడు వీసా అక్కరలేని మాన్యులు అయ్యారు. ఈ మార్పులకు కారణం ప్రయాణికుల నడతలో కనబడదు. దాన్ని ఆయా కాలాల ఒప్పందాల్లోను, చట్టాల భాషలోను వెదకాలి.

మొదట జపానే తన గుమ్మం మూసుకుంది. 1635 నాటి తొకుగావా శాసనం ప్రకారం జపానీయుడు పరదేశం పోవడం మరణశిక్షకు తగిన నేరం. 1854లో యొషిదా షోయిన్ అనే పండితుడు అమెరికా నౌకాధిపతి పెర్రీ ఓడ ఎక్కబోయి చెరసాల పాలయ్యాడు. 1864లో నీజిమా జో హకొదాతే రేవు నుంచి రహస్యంగా అమెరికా చేరి చదువుకొని, తిరిగివచ్చి 1875లో క్యోతోలో దోషిషా విద్యాసంస్థను స్థాపించాడు. ఈ నిషేధం 1866లో తొలగింది. ఆ ఏడే ప్రభుత్వం ప్రయాణ పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో మొదటిది ఏ రాయబారికో పండితుడికో దక్కలేదు. గారడీలు, కసరత్తులు చూపే బృందంతో అమెరికాకు బయలుదేరిన సుమిదగావా నమిగొరో అనే కళాకారుడికి దక్కింది. ఫొటో అంటించే పద్ధతి అప్పటికి లేదు కనుక పత్రంలో మనిషి ఎత్తు, కన్ను, ముక్కు తీరు మాటల్లో వర్ణించారు. ఆ పత్రానికి ఆనాటి పేరు గొఇన్షో, అంటే అధికార ముద్ర. మన ముద్రాధ్యక్షుడికి తెలిసిన మాటే అక్కడా వాడారన్నమాట. నేడు జపానులో వాడే ర్యోకెన్ అనే పదం 1878 నాటి నిబంధనలతో వ్యవహారంలోకి వచ్చింది.

1868లో సుమారు 150 మంది కూలీలు మెయిజీ ప్రభుత్వపు అనుమతి లేకుండానే హవాయి చెరకు తోటలకు వెళ్ళారు. 1885 నుంచి ప్రభుత్వాల మధ్య ఒప్పందం మీదనే వేలాదిమంది పోసాగారు. 1898లో హవాయి అమెరికాలో కలిసింది. అక్కడి జపానీయులకు కాలిఫోర్నియా దారి తెరుచుకుంది. చీనా కూలీల రాకను 1882లోనే చట్టం చేసి ఆపిన కాలిఫోర్నియాలో ఇప్పుడు జపానీయుల మీద అలజడి మొదలైంది. 1906 ఏప్రిల్‌లో భూకంపంతో శాన్ ఫ్రాన్సిస్కో నేలమట్టమైంది. అదే ఏడు అక్టోబరులో అక్కడి పాఠశాలల బోర్డు జపాను, కొరియా పిల్లలు వేరుగా ‘ప్రాచ్య’ పాఠశాలలోనే చదవాలని ఆజ్ఞాపించింది. అప్పటికే రష్యాను యుద్ధంలో ఓడించిన జపాను దీన్ని పరాభవంగా భావించింది.

అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ వెదికిన పరిష్కారం విచిత్రమైనది. 1907, 1908 సంవత్సరాల్లో రెండు ప్రభుత్వాలూ కొన్ని లేఖలు ఇచ్చిపుచ్చుకున్నాయి. కూలిపనికి పోయే కొత్తవాళ్ళకు అమెరికా ప్రయాణ పత్రం ఇవ్వబోమని జపాను ఒప్పుకుంది. శాన్ ఫ్రాన్సిస్కో బోర్డు పిల్లల మీద పెట్టిన ఆజ్ఞను తీసేసింది. హవాయి, మెక్సికో, కెనడా పేర పుచ్చుకున్న పత్రాలతో ప్రధాన భూభాగంలోకి రావడాన్ని 1907లోనే అధ్యక్షుడి ఉత్తర్వు ఆపింది. ఇదే చరిత్రలో పెద్దమనుషుల ఒప్పందం. ఈ పేరు వినగానే తెలుగువారికి 1956 నాటి ఆంధ్ర తెలంగాణ నాయకుల ఒప్పందం గుర్తు రావడం సహజం. రెండింటి విషయాలకూ సంబంధం లేదు, పేరు మాత్రం ఒక్కటే. మాట మీద నమ్మకమే పూచీ అయిన చోట ఆ మాట ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న రెండుచోట్లా తలెత్తింది.

చీనా వారికి జరిగినట్టు తమ జాతి పేరు చట్టంలో నిషిద్ధంగా రాయించుకోవడం జపాను నాయకులకు ఇష్టం లేదు. అందుకే ఎదుటివాడు తలుపు మూసేలోగా తామే తమవాళ్ళను ఆపుకోవడం మేలనుకున్నారు. అమెరికా ప్రవేశాన్ని అదుపు చేసే పని ఆ విధంగా టోక్యో గుమాస్తాల చేతికి వచ్చింది.

అయితే ఒప్పందంలో ఒక సందు ఉంది. అప్పటికే అమెరికాలో ఉన్నవారి తల్లిదండ్రులకు, భార్యకు, పిల్లలకు పత్రం ఇవ్వవచ్చు. పెళ్ళికాని కూలీలు ఊరికి ఫొటో పంపి సంబంధం కుదుర్చుకునేవారు. వరుడు సముద్రానికి అవతల ఉండగానే వధువు పేరు అతని కుటుంబ పట్టీలో చేరేది. దాంతో ఆమె చట్టప్రకారం భార్య. వరుడు దగ్గర లేకపోతే కత్తికి బాసికం కట్టి పెళ్ళి జరిపించిన జమీందారీ ఇళ్ళ ముచ్చట తెలిసిన మనకు ఇది మరీ వింతగా తోచదు. కాలిఫోర్నియా రాజకీయులు మాత్రం దీన్ని మోసమన్నారు. 1910లో తెరిచిన ఏంజెల్ ద్వీపపు కేంద్రంలో వైద్యపరీక్షలు, ప్రశ్నలు ముగిసిన తరువాత, చేతిలోని ఫొటోతో మనిషిని పోల్చుకుంటూ ఈ స్త్రీలు తమ భర్తలను మొదటిసారి చూసేవారు. ఒత్తిడికి లొంగి జపాను 1920లో ఈ వధువులకు పత్రాలివ్వడం మానుకుంది.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన విషయమొకటి ఉంది. 1917లో అమెరికా ఆసియాలోని పెద్ద భాగాన్ని నిషిద్ధ మండలంగా గీసి, అక్కడివారి వలసను ఆపింది. భారతదేశం ఆ గీతలోపల పడింది. అంటే మద్రాసు రాజధానిలోని తెలుగు కూలీకీ ఆ తలుపు మూసుకుపోయింది. పెద్దమనుషుల ఒప్పందం ఉన్నందువల్ల జపాను గీతకు బయట ఉండిపోయింది. స్వతంత్ర రాజ్యానికి దక్కిన ఈ పాటి మర్యాద పరాధీన దేశానికి దక్కలేదు.

ఆ మర్యాద కూడా ఏడేళ్ళే నిలిచింది. పరాయి దేశస్థులలో పౌరసత్వం పొందే అర్హత 1790 నాటి చట్టం ప్రకారం తెల్లవారికే ఉండేది. 1870లో దాన్ని ఆఫ్రికా సంతతివారికి కూడా ఇచ్చారు. ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉండి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే తకావో ఒజావా తనకూ ఆ అర్హత ఉందని వాదించాడు. 1922 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. తెల్లవాడంటే కకేషియన్ జాతివాడని, జపానీయుడు ఆ జాతివాడు కాడని చెప్పింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, పంజాబు నుంచి వెళ్ళిన భగత్ సింగ్ థిండ్ ఆ సూత్రాన్నే పట్టుకొని తాను ఆర్యుణ్ణి, కకేషియన్నని వాదించాడు. ఈసారి కోర్టు శాస్త్రజ్ఞుల వర్గీకరణను పక్కనబెట్టి, సామాన్యుడి వాడుకలో ఆ మాటకు ఏ అర్థం ఉందో అదే ప్రమాణమంది. ఆర్య శబ్దం భాషకు చెందినదే గాని శరీరానికి చెందినది కాదని కూడా గుర్తుచేసింది. భాషాశాస్త్రం చదివినవాడికి ఈ చివరి మాట ఒప్పుకోక తప్పదు. కాని సరైన మాట కూడా తలుపు మూయడానికి పనికొస్తుందని ఈ తీర్పు చూపింది. ద్రావిడ కుటుంబపు భాష మాట్లాడే మనవాడికైతే ఆ ఆర్య వాదమైనా దక్కేది కాదు.

1924 మేలో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేసిన వలస చట్టం ఈ తీర్పుల మీదే నిలబడింది. పౌరసత్వానికి అర్హత లేని పరదేశీయులు వలసదారులుగా రాకూడదని అందులో ఉంది. ఆ నిబంధనలో జపాను పేరు లేదు. చీనావారికి 1882 నుంచి వేరే చట్టం, భారతీయులకు 1917 గీత ముందే ఉన్నాయి కనుక, ఈ కొత్త వాక్యం ఎవరి కోసమో అందరికీ తెలుసు. ‘తీవ్ర పరిణామాలు’ ఉంటాయని హెచ్చరిస్తూ జపాను రాయబారి హనిహరా రాసిన లేఖ సెనేటర్ల పట్టుదలను ఇంకా పెంచింది. యాత్రికులకు, వర్తకులకు, అధికారులకు తాత్కాలిక ప్రవేశం మిగిలింది. ఓడ ఎక్కకముందే వలసదారు అమెరికా కాన్సల్ దగ్గర వీసా తీసుకోవాలన్న నియమాన్ని కూడా ఈ చట్టమే స్థిరపరిచింది. వీసా అన్నది ‘చూడబడిన పత్రం’ అన్న లాటిన్ పదబంధంలోని తునక. ఆనాటి నుంచి గుమ్మం రేవులో గాక, ప్రయాణికుడి సొంత దేశంలోనే వెలిసింది.

యుద్ధకాలంలో, 1942లో, సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని అమెరికా ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టింది. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. యుద్ధం ముగిశాక 1952లో మెకారన్ వాల్టర్ చట్టం పౌరసత్వానికి జాతి అర్హతను తీసివేసి, జపానుకు ఏటా 185 మంది వలస కోటా ఇచ్చింది. జాతిమూలాల కోటాలు పూర్తిగా పోయింది 1965 చట్టంతో. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్ళింది ఈ చట్టం తరువాతనే.

అమెరికా తలుపు తీసినా జపాను తన తలుపు వెంటనే తీయలేదు. విదేశీ మారకం కొరత వల్ల విహారయాత్రలకు అనుమతి ఉండేది కాదు. ఒలింపిక్స్ ఏడైన 1964లో, ఏప్రిల్ 1 నుంచి, ఏటా ఒక్కసారి, 500 డాలర్లకు మించకుండా తీసుకుపోవచ్చన్నారు. ఆ ఏడు సుమారు 1,28,000 మంది విదేశాలకు వెళ్ళారు. 1990లో ఆ సంఖ్య కోటి దాటింది. అప్పటికి సమస్య తలకిందులైంది. జపాను వద్ద డాలర్లు పేరుకుపోయాయి. వాటిని విదేశాల్లో ఖర్చు పెట్టించడానికి 1987లో ప్రభుత్వమే కోటిమంది యాత్రికుల పథకం పెట్టింది.

అదే కాలంలో అమెరికా 1986 చట్టం ద్వారా వీసా మినహాయింపు ప్రయోగానికి సిద్ధమైంది. 1988 జులైలో బ్రిటన్‌కు, డిసెంబరులో జపానుకు ఆ సౌకర్యం దక్కింది. విహారానికో వ్యాపారానికో పోయే జపాను పౌరుడు 90 రోజులు వీసా లేకుండా ఉండవచ్చు. శిబిరాల్లో పెట్టినందుకు క్షమాపణ చెప్పి, బతికి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చే చట్టం మీద రీగన్ సంతకం చేసింది కూడా 1988 ఆగస్టులోనే. ఈ రెండూ ఒకే ఏట జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. ఒకటి పాత లెక్క తీర్చింది, మరొకటి కొత్త లెక్క చూసుకుంది.

మినహాయింపు తరువాత కూడా కాగితం పూర్తిగా పోలేదు. 2004 నుంచి వీరి వేలిముద్రలు తీసుకుంటున్నారు. 2009 జనవరి నుంచి ప్రయాణానికి ముందే కంప్యూటరు ద్వారా అనుమతి పొందడం తప్పనిసరైంది. దానికి 2010లో 14 డాలర్ల రుసుము పెట్టారు. 2025 సెప్టెంబరు 30 నుంచి అది 40 డాలర్లు అయింది. మాషం పుచ్చుకున్న ముద్రాధ్యక్షుడు వేషం మార్చుకొని వచ్చాడనుకోవచ్చు.

విద్యార్థులు మినహాయింపు అన్న మాటను జాగ్రత్తగా చూడాలి. అమెరికా వీసాను వదులుకుంటుంది. దానికి బదులుగా ప్రయాణికుడు కూడా ఒకటి వదులుకుంటాడు. గుమ్మంలో అధికారి కాదంటే ఆ నిర్ణయం మీద అప్పీలు చేసే హక్కు అతనికి ఉండదు. వెనక్కి పంపుతుంటే, శరణు కోరడం తప్ప, ఎదిరించే హక్కూ ఉండదు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉన్నా, మాట మాత్రం ఒకవైపు ఔదార్యంగానే వినిపిస్తుంది. 1924 చట్టం మనుషుల పేరు చెప్పకుండా వారిని బయట పెట్టింది. మినహాయింపు చట్టం షరతు పేరు చెప్పకుండా లోపలికి పిలిచింది.

మీలో చాలామంది రాష్ట్రాల సరిహద్దుల్లో పుట్టి పెరిగినవారు. యానాం పెద్దలకు 1954 దాకా పక్క ఊరే పరరాజ్యం. చెన్నైలో చదివేవారికి అక్కడి అమెరికా కాన్సులేటు ముందు నిలిచే వరుస తెలుసు. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచేదాకా ఆంధ్రదేశపు విద్యార్థులు కూడా ఆ వరుసలోనే నిలబడ్డారు. భారతీయులకు ఆ మినహాయింపు లేదు కనుక, మీలో కొందరు ఆ దరఖాస్తు నింపబోతున్నవారే. నింపేటప్పుడు అందులోని ప్రతి నిర్వచనాన్నీ తెలుగులోకి మార్చుకొని చదవండి. అది ఎవరి పేరు చెప్పకుండా ఎవరిని గురించి మాట్లాడుతోందో, సంతకంతో మీరు వదులుకునేది ఏమిటో అప్పుడు తెలుస్తుంది.