అవ్వ కళ్ళజోడుతో తీసిన ఫొటో

మా ఇంట్లో అరచేతిలో పట్టేంత పాత ఫొటో ఒకటి ఉంది. నడుమ నా ముఖం స్పష్టంగానే ఉంటుంది గాని, అంచులకు పోయేకొద్దీ వేపచెట్టూ నులకమంచమూ నీళ్ళలో చూసినట్టు కరిగిపోయి ఉంటాయి. వచ్చినవాళ్ళు "ఇదేమిటండీ, ఇంత మసకగా ఉంది?" అంటారు. అది తీసింది మా అవ్వ. ఆ కెమెరాకు పెట్టిన అద్దం ఆవిడ కళ్ళజోడుది.

ఇదేమీ వింత కాదు. ఫొటోగ్రఫీ పుట్టిందే ఇళ్ళలో. ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన 1835 ప్రాంతంలో చిన్న చిన్న చెక్కపెట్టెలు చేయించి, ఒక్కోదానికి ఒక అద్దం బిగించి, లోపల వెండి లవణం పూసిన కాగితం పెట్టి ఇంటిచుట్టూ ఎండలో ఉంచేవాడు. ఆయన భార్య కాన్‌స్టన్స్ వాటికి 'ఎలుకబోన్లు' అని పేరు పెట్టింది. ఏ ఇల్లాలైనా అలాగే అంటుంది గదా! కాని ఆవిడ నవ్వి ఊరుకోలేదు. 1839లో తానూ ఆ పనికి పూనుకున్నది.

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ కథ ఇంకా బాగుంటుంది. 1863లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. బొగ్గుల గదిని చీకటిగది చేసుకున్నది. కోళ్ళగూడును స్టూడియో చేసుకున్నది. ఆవిడ ఫొటోలు మసకగా ఉన్నాయని ఆనాటి పెద్దలు వెక్కిరించారు. ఆ మసకలోనే మనిషి మనసు కనబడుతుందని ఈనాడు వాటిని మ్యూజియాలలో దాచుకుంటున్నారు.

మన హైదరాబాదులో 1892లో రాజా దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత కెనీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. కాని అది కలిగినవారి ముచ్చట. గిద్దలూరు పక్క పల్లెలో మా అవ్వవాళ్ళకు ఫొటో అంటే భయం. తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనేవారు. అవ్వ తల్లికి ఉన్న ఒకే ఒక్క ఫొటో, ఆవిడ పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసినది. దాన్ని చూసినప్పుడల్లా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మా చిన్నాయనకు ఫొటోల పిచ్చి. కెమెరా కొనే స్తోమత లేదు. మార్కాపురం అంటే పలకలు గదా; పలకలకు చట్రాలు బిగించే వడ్రంగి చేత చిన్న పెట్టె చేయించి, లోపల మసి పూశాడు. ఇక అద్దం కావాలి. అవ్వకు శుక్లాల ఆపరేషను అయ్యింది. ఆ రోజుల్లో కంటిలోపల కటకం అమర్చేవారు కాదు. సోడాబుడ్డి అద్దాల జోడు ఇచ్చేవారు. ఒక అద్దం అంచు పగిలి కొత్త జోడు వచ్చాక, పాతది చిన్నాయన చేతికి వచ్చింది.

దాని పవరు పది. కిటికీకి ఎదురుగోడ దగ్గర ఆ అద్దం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపితే, ఒకచోట కిటికీ బొమ్మ తలకిందులుగా గోడమీద నిలుస్తుంది. గోడకూ అద్దానికీ మధ్య దూరం ఇంచుమించు పది సెంటీమీటర్లు. పెట్టె లోతు అంతే ఉండాలన్నమాట. అద్దం ముందు బఠాణీగింజంత రంధ్రం చేసిన నల్ల కాగితం అడ్డం పెడితే బొమ్మకు స్పష్టత వస్తుంది. అయినా ఒంటి అద్దం నడుమ చూపినంత బాగా అంచులు చూపలేదు. అందుకే కంపెనీలవాళ్ళు మూడు నాలుగు అద్దాలు జతచేస్తారు. 1900లో ఒక డాలరుకు అమ్మిన కొడక్ బ్రౌనీలో ఉన్నదీ ఒంటి అద్దమే సుమండీ!

స్టూడియో ఆయన్ను బతిమాలి తెచ్చిన బ్రోమైడు కాగితం పెట్టెలో పెట్టి, చిన్నాయన అవ్వను వేపచెట్టు నీడలో కూర్చోమన్నాడు. మేమంతా వద్దంటామేమోనని చూశాం. అవ్వే అన్నది: "పోయినాక తీసేదేందిరా, ఉన్నప్పుడే తియ్యి."

మూత తీసి నాలుగు లెక్కపెట్టి మూశాడు. ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుతురులో, మందునీళ్ళలో బొమ్మ మెల్లగా తేలింది. నెగటివు గదా, తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా వస్తాయి. అవ్వ పకపకా నవ్వింది. "నా జుట్టు మళ్ళీ నల్లబడిందిరో!" దానిమీద ఇంకో కాగితం ఆనించి వెలుతురు చూపితే అసలు ఫొటో వచ్చింది.

తరువాత పెట్టె తన ముందుకు లాక్కుని, "ఇట్రా, కదలబాక" అని నన్ను కూర్చోబెట్టింది. తన చేత్తోనే మూత తీసి, తానే లెక్కపెట్టింది. ఆ ఫొటోనే ఇది.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోనులో కెమెరా ఉంది. అయినా మీ ఆల్బములు తిరగేసి చూడండి. అందులో అమ్మ తీసినవి ఎన్ని? అత్తగారు తీసినవి ఎన్ని? ఒకసారి వారి చేతికిచ్చి, వారికి నచ్చింది తీయమనండి. ముగ్గు తీస్తారో, మనవణ్ణి తీస్తారో, వారి చూపు మనకు దక్కుతుంది. ప్రింటు వేయించి వెనక పేరూ తేదీ రాయండి. పిల్లలకు పాత కళ్ళద్దం ఇచ్చి బొమ్మ గోడమీద నిలపమనండి. అద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి.

మసకగా వస్తే రానివ్వండి. మా అవ్వ నన్ను ఎలా చూసేదో నాకు తెలిసింది ఆ మసక ఫొటోవల్లనే.